వినేవాళ్లకి ఎలక్ట్రానిక్ తంబురా: కొనదగ్గదేనా, కొంటే ఎలా వాడాలి

పాట వెనక ఆధార స్వరాన్ని ఆగకుండా పలికే తంబురా పెట్టె అనగానే అది పాడేవాళ్ల వస్తువు అనుకుంటారు. కానీ పాడే ఉద్దేశం లేకపోయినా, కచేరీలో ఏం జరుగుతోందో చెవికి అందాలని కోరిక ఉన్నవాళ్లకి ఇంత మేలు చేసే వస్తువు బజారులో మరొకటి లేదు. పది వేలు పెట్టి హెడ్‌ఫోన్స్ కొనాలని చూస్తుంటే ఆగండి. అందులో సగం కంటే తక్కువకే తంబురా పెట్టె వస్తుంది. చెవికి మాత్రం అదే ఎక్కువ నేర్పుతుంది.

కారణం మన సంగీతంలోనే ఉంది. గాంధారం (గ) దానంతట అదిగా గాంధారం కాదు, ఆధార స్వరమైన షడ్జం (స) నుంచి అంత దూరంలో ఉంది కాబట్టే గాంధారం. షడ్జం చెవిలో స్థిరపడనంత కాలం రాగాల పేర్లు ఎన్ని కంఠస్థం చేసినా పాట వెంట ఊహతో నడవడమే అవుతుంది. మంచి హెడ్‌ఫోన్స్ శబ్దాన్ని శుభ్రంగా అందిస్తాయి తప్ప షడ్జం ఎక్కడుందో చెప్పవు.

ఈ పెట్టె మన పక్క రాష్ట్రంలో పుట్టింది. బెంగళూరు రాడెల్ సంస్థ వ్యవస్థాపకుడు జి. రాజ్ నారాయణ్ ఇంజనీరు, వేణువు విద్వాంసుడు కూడా. 1979లో ఆయన ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశారు. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. మామూలు రకం ధర నాలుగు వేలకు అటూ ఇటూగా మొదలవుతుంది. ఈ సమీక్ష ఒక్క కంపెనీ గురించి కాదు, ఈ రకం పెట్టెల గురించి.

అసలు తంబురా ఉంటే పెట్టె ఎందుకని అడగొచ్చు. చెవికి అసలు తంబురాకి మించింది లేదు. కానీ దాన్ని శ్రుతి చేయాలంటే ముందే చెవి ఉండాలి, నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్లకి అక్కడే చిక్కు. పైగా కోనసీమ, నరసాపురం వైపు ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, వానాకాలం చెమ్మకి చెక్క సాగి పొద్దుట చేసిన శ్రుతి సాయంత్రానికి నిలవదు. తిత్తితో ఊదే పాతకాలం శ్రుతి పెట్టె గట్టిది, చవక. అయితే దాని నాదం ఒకే ముద్దగా ఉంటుంది, తంబురా తీగలో విడివిడిగా వినిపించే పై నాదాల పొరలు వినపడవు. ఫోన్‌లో ఉచితంగా దొరికే తంబురా యాప్‌తో మొదలుపెట్టడంలో తప్పు లేదు, దాని లోటు మాత్రం తెలిసి ఉండాలి. ఫోన్ స్పీకరు (సెకనుకి ఇన్ని కంపనలని చెప్పే కొలతలో) రెండు మూడు వందల హెర్ట్‌జ్‌ల కింద బాగా బలహీనం. ఒకటిన్నర శ్రుతిలో (శ్రుతి అంకె షడ్జం ఎత్తుని చెబుతుంది, ఒకటి అంటే హార్మోనియం C, ఒకటిన్నర C షార్ప్) సారణి తీగ, అంటే మధ్య షడ్జం, సుమారు 139 హెర్ట్‌జ్, పంచమం 104, మంద్ర (కింది స్థాయి) షడ్జం 69. ఈ మూడింటి మూల నాదమూ ఫోన్‌లోంచి దాదాపు రాదు, మెదడు పై పొరలను బట్టి దాన్ని ఊహించుకుంటుంది. యాప్‌ని ఓ మాదిరి పెద్ద స్పీకరుకి తగిలిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. అలాంటి స్పీకరు ఇప్పటికే ఇంట్లో ఉంటే నెల రోజులు యాప్‌తోనే నడపండి. రోజూ కూర్చునే అలవాటు నిలబడితే అప్పుడు పెట్టె కొనుక్కోవచ్చు.

పెట్టె మీద ఉండేవి కొద్దిపాటి మీటలు. శ్రుతి మార్చేది ఒకటి, సన్నగా సవరించేది ఒకటి, వేగానికి ఒకటి, శబ్దానికి ఒకటి. మొదటి తీగ పంచమం పలకాలా, మధ్యమమా, నిషాదమా అని ఎంచుకునే మీట మరొకటి. వీటిలో వినేవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైనది సన్నగా సవరించే మీటే. పాత రికార్డింగులు టేపు నుంచో, గ్రామఫోను రికార్డు నుంచో ఎక్కించినవి. ఎక్కించేటప్పుడు వేగంలో వచ్చిన కొద్దిపాటి తేడాకే శ్రుతి ఒకటిన్నరకీ రెండుకీ మధ్యలో ఎక్కడో పడుతుంది. అర శ్రుతి మెట్లతో మాత్రమే మారే పెట్టె గానీ యాప్ గానీ అక్కడ పనికిరాదు. కొనేముందు మొదట చూడాల్సింది ఇదే.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. ఫోన్‌లో తంబురా యాప్‌ని ఐదు శ్రుతిలో పెట్టండి, పెట్టెనూ అదే శ్రుతికి తిప్పండి. రెండూ కలిసి పలికినప్పుడు నాదం అలలు అలలుగా లేచి పడటం వినిపిస్తుంది. సన్న మీటని మెల్లగా తిప్పితే అలలు నిదానించి ఒక చోట ఆగిపోతాయి, రెండు షడ్జాలూ కలిశాయని దానర్థం. తీగ మీటిన చప్పుడు మాటిమాటికీ పడుతూ ఉంటే అలలు పట్టుకోవడం కష్టం. యాప్‌లో ఆగకుండా పలికే శ్రుతి పెట్టె నాదం ఉంటే అది వాడండి. తర్వాత పెట్టెని అరగంట అలాగే ఆన్‌లో ఉంచి మళ్లీ వినండి. అలలు తిరిగొచ్చాయంటే పెట్టె శ్రుతి జారుతోంది. ఐదు శ్రుతి షడ్జం 196 హెర్ట్‌జ్ దగ్గర సెకనుకి ఒక అల అంటే సుమారు 9 సెంట్ల తేడా (అర శ్రుతి దూరాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఒకటి సెంటు). నాలుగు సెకన్లకి ఒక అల వస్తే 2 సెంట్లు, దాన్ని వదిలేయొచ్చు. సెకనుకి ఒకటి వస్తుంటే ఆ పెట్టె వద్దు. డిజిటల్ పెట్టెల్లో ఈ జారుడు దాదాపు ఉండదు. పాత రకం అనలాగ్ వాటిలో వేడెక్కేకొద్దీ వస్తుంది. అరగంట ఆగమంటే దుకాణదారు విసుక్కోవచ్చు. అయినా ఆగండి, నాలుగు వేలు పోసేది మీరు.

ఇక వినే పద్ధతి. మొదటి పని, రికార్డింగులోని షడ్జం పట్టుకోవడం. తెలిసిన గాయకుల కచేరీ ఒకటి తీసుకోండి. మగ గొంతు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడ గొంతు నాలుగున్నర నుంచి ఆరు మధ్య ఉంటుంది. ఆలాపన మొదట్లో తంబురా ఒక్కటే వినిపించే ఆ కొన్ని సెకన్లు బంగారం. ఆ చోటునే మళ్లీ మళ్లీ వినిపిస్తూ పెట్టెని ఆ పరిధిలో కింది నుంచి అర శ్రుతి చొప్పున పైకి తిప్పుతూ రండి. దగ్గరికి వచ్చాక సన్న మీటతో అలలు ఆగేదాకా సవరించండి. రోజుకి రెండు రికార్డింగులు చాలు. ఈ వెతుకులాటలోనే చెవికి సగం శిక్షణ దొరుకుతుంది.

ఇక్కడ అందరికీ ఎదురయ్యే పొరపాట్లు రెండు. ఒకటి, గాయకుడి పంచమాన్ని షడ్జం అనుకోవడం. అప్పుడు పెట్టెలోని పంచమం ఆయన చతుశ్రుతి రిషభం (శుద్ధ రిషభం కంటే అర మెట్టు పై రి) మీద పడుతుంది. శుద్ధ ధన్యాసి లాగా రిషభమే లేని రాగమో, తోడి లాగా శుద్ధ రిషభం ఉన్న రాగమో అయితే వెంటనే చెవిలో ముల్లు గుచ్చినట్టు తెలుస్తుంది, సులభంగా దిద్దుకోవచ్చు. రెండోది మోసకారిది. మధ్యమాన్ని షడ్జం అనుకుంటే పెట్టె పంచమం సరిగ్గా ఆయన షడ్జం మీదే పడుతుంది. రెండూ ఒకదానికొకటి ఒదిగి తియ్యగానే వినిపిస్తాయి, తప్పని అనిపించదు. దీన్ని పట్టుకునే దారి ఒక్కటే, పల్లవి ముగిసి గొంతు ఎక్కడ నిలబడి విశ్రాంతి తీసుకుంటుందో చూడటం. ఆ నిలకడ మీ పెట్టె షడ్జం మీద కాక పంచమం మీద పడుతుంటే శ్రుతి తప్పు పెట్టారన్నమాట.

షడ్జం పట్టుబడ్డాక రికార్డింగు ఆపేసి పెట్టె ఒక్కటే వినండి. ఒక్కో తీగ నాదంలోనూ ఇంకెన్నో నాదాలు పొరలుగా ఉంటాయి, వాటిని అనుస్వరాలు అంటారు. మూల నాదానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతలు, అలా పైకి వెళతాయి. మంద్ర షడ్జం మీటినప్పుడు మూడో పొర పంచమం, ఐదో పొర అంతర గాంధారం (గాంధారాల్లో పైది). ఎవరూ మీటని గాంధారం తంబురాలో వినిపిస్తుందని పెద్దలు స్వయంభూ గాంధారం అనే మాట అన్నది దీని గురించే. పంచమం తీగలో మూడో పొర చతుశ్రుతి రిషభం, ఐదో పొర కాకలి నిషాదం (నిషాదాల్లో పైది) అవుతాయి. వేగం మీటని బాగా తగ్గించి, మంద్రం మీటు పడిన వెంటనే కాకుండా అది సగం ఆరిపోయే వేళ వినండి. గాంధారం వెతకాల్సింది అక్కడే. దొరక్కపోతే ముందు కీబోర్డు యాప్‌లో ఆ గాంధారాన్ని ఒకసారి మెల్లగా పలికించి, ఆపేసి, మళ్లీ తంబురా వైపు చెవి పెట్టండి. ఏది వెతకాలో తెలిసిన చెవికి త్వరగా దొరుకుతుంది. ఒక జాగ్రత్త, కీబోర్డు గాంధారం తంబురా గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ. రెండూ కలిపి పలికిస్తే గరుకుగా ఉంటుంది. ఆ గరుకుదనం గుర్తుపట్టడం కూడా సాధనలో భాగమే. మంచి గాయకుడు అంతర గాంధారం మీద నిలిచినప్పుడు సభ ఒక్కసారిగా నిండినట్టు ఎందుకు ఉంటుందో ఈ 14 సెంట్లు తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

పెట్టెల మధ్య నాణ్యత తేడా బయటపడేదీ ఇక్కడే. అసలు తంబురాలో తీగకీ బ్రిడ్జికీ మధ్య దారపు పోగు పెట్టి సర్దుతారు, దాన్ని జీవ అంటారు, దాని వల్లే పై పొరలు విప్పారతాయి. అసలు తంబురాని రికార్డు చేసి ఎక్కించిన పెట్టెల్లో ఇది బాగానే వస్తుంది. చవక పెట్టెలు నాదాన్ని లోపలే పుట్టిస్తాయి కాబట్టి పొరలు పలచగా ఉంటాయి. గాంధారం ఎంతసేపు విన్నా దొరకని పెట్టె శ్రుతి చూసుకోవడానికి పనికొస్తుంది, వినడం నేర్చుకోవడానికి పనికిరాదు. ఇంకో ఐదు వందలు ఎక్కువైనా సరే, దుకాణంలో రెండు మూడు పెట్టెల్లో మంద్రం విని, గాంధారం వినిపించేదే తీసుకోండి.

గోదావరి సీమలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) సృష్టించిన మహతి రాగాన్ని ఈ దశలో వినండి. స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం (కాకలికి అర మెట్టు కింది ని), ఈ నాలుగే స్వరాలు. మొదటి మూడూ మంద్రం తీగలో మీరు వెతికి పట్టుకున్నవే. నిషాదం ఏడో పొరకి దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదు, ఆ పొర ఇంకొంచెం కిందికి ఉంటుంది. తంబురా లోపలి నుంచి ఒక రాగాన్ని బయటికి తీసినట్టుండే ఈ స్వర సంపుటి కొత్త చెవికి గొప్ప పాఠం.

తర్వాత రాగాలను గుర్తుపట్టడం. పేర్ల పట్టికతో మొదలుపెట్టకండి, ఒక్క స్వరం తేడాతో మొదలుపెట్టండి. మోహనంలో ధైవతం తీసి కాకలి నిషాదం పెడితే హంసధ్వని. మోహనంలోనే గాంధారం తీసి శుద్ధ మధ్యమం (మధ్యమాల్లో కిందిది) పెడితే శుద్ధ సావేరి. ఆ శుద్ధ సావేరిలో ధైవతం తీసి కైశికి నిషాదం పెడితే మధ్యమావతి. ఈ నాలుగూ వారం రోజులపాటు, పెట్టె ఒకే శ్రుతిలో ఉంచి, మార్చి మార్చి వినండి. రికార్డింగుల శ్రుతులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి శ్రుతి మార్చగల ప్లేయర్ యాప్‌తో అన్నిటినీ ఒకే శ్రుతికి తెచ్చుకుంటే పని తేలిక. ఆ తర్వాత శంకరాభరణం, కల్యాణి పక్కపక్కన పెట్టుకోండి. తేడా మధ్యమం ఒక్కటే. హిందోళంలో పంచమం లేదు కాబట్టి ఆ రాగం వినే రోజు మొదటి తీగని మధ్యమానికి మార్చి చూడండి, రాగం రంగు ఎంత మారుతుందో తెలుస్తుంది. కచేరీలో చాలామంది పంచమాన్నే ఉంచేస్తారు. రెండు రకాలుగానూ వినడం మంచిది.

గమకానికి, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడానికి, వచ్చేసరికి పెట్టె కంటే వాద్యం ఎంపిక ముఖ్యం. గొంతులో గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కొత్త చెవికి దొరకదు, తీగ వాద్యంలో దొరుకుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) వాయించింది ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. మామూలు మాండొలిన్‌లో జంట తీగలుంటాయి, వాటి మీద గమకం పలకడం కష్టం. ఆయన వాయిద్యంలో ప్రతి మీటు మొదలూ స్పష్టంగా వినిపిస్తుంది. ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి, కాకినాడ చిట్టిబాబు వీణలైతే దీనికి అవతలి కొస. ఒక్క మీటు వేసి తీగని లాగుతూ అది ఆరిపోయేలోపు ఎన్నో స్వరాలు పలికిస్తారు. ఒక మీటులో ఎన్ని స్వరాలు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గిస్తే లెక్క తేలికవుతుంది. 0.5 కంటే తగ్గిస్తే యాప్ కల్పించే కృత్రిమ శబ్దాలే గమకంలా వినిపించి మోసం చేస్తాయి. తోడి గాంధారం ఒక చోట నిలబడదు, అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు కొలతలే తోడి. అందుకే ఆ రాగాన్ని చివరికి ఉంచుకోండి.

మృదంగం గురించి ఒక్క మాట. కుడివైపు ముఖాన్ని షడ్జానికి శ్రుతి చేస్తారు. పెట్టె కలిపి వింటుంటే ఆ వాయిద్యమూ పాడుతోందని మొదటిసారి తెలుస్తుంది. కచేరీ మధ్యలో రాయీ కర్రా తీసి ఎందుకు తట్టుకుంటున్నారో కూడా.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. అంతకు మించితే చెవి అలసి తంబురా వినిపించడం మానేస్తుంది. ముందు రోజు రాత్రి ఊరేగింపులో డీజే పక్కన నడిచారా, మర్నాడు సాధన ఆపండి. పెద్ద శబ్దం తర్వాత వినికిడి కొన్ని గంటలపాటు మొద్దుబారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పిన సురక్షిత పరిమితి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు. తంబురా సాధనకి అందులో నాలుగోవంతు కూడా అక్కర్లేదు. రికార్డింగు స్పీకరులోంచి ఎదురుగా రావాలి, పెట్టె పక్కన ఉండాలి, పాట మొదలవగానే పెట్టె వినీవినిపించనట్టు అయిపోవాలి. అదీ సరైన కొలత.

మన ప్రాంతంలో ఈ పెట్టెలకి వచ్చే రోగాలు వేరు. మొదటిది చెమ్మ. ఆరు నెలలు తీయకుండా ఉంచితే మీటలు తిప్పినప్పుడు గరగరమంటాయి. కరెంటు తీసేసి ఒక్కో మీటని ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పితే చాలావరకు పోతుంది. పోకపోతే ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టించాలి. వాడని రోజుల్లో బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలి రేకులు తినేస్తాయి. మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే చీమలూ చేరవు. కిటికీ పక్కన పెట్టకండి.

రెండోది కరెంటు హమ్మింగు, దీన్ని చాలామంది పెట్టె లోపం అనుకుంటారు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. నాసి అడాప్టరు, తక్కువ వేగంలో తిరిగే ఫ్యాను, ఇన్వర్టరు అన్నీ 100 దగ్గరా, దాని రెట్టింపు 200 దగ్గరా గుయ్‌మంటాయి. ఐదు శ్రుతి షడ్జం 196. అంటే ఆడ గొంతు కచేరీలు ఎక్కువగా నడిచే ఈ శ్రుతిలో హమ్మింగుకీ షడ్జానికీ మధ్య సెకనుకి నాలుగు అలలు పుడతాయి. ఎంత సవరించినా శ్రుతి కలవట్లేదని బాధపడేవాళ్లు ముందు ఫ్యాను ఆపి, పెట్టెని బ్యాటరీ మీద నడిపి చూడాలి. భీమవరం, ఆకివీడు వైపు చెరువు గట్ల దగ్గర ఇళ్లున్నవాళ్లకి నీటికి గాలి ఎక్కించే ఏరేటర్ల మోత అదనం. వాటిని ఆపి ఉంచే వేళ ఏదో చూసుకుని అప్పుడు కూర్చోవాలి. అడాప్టరు పోతే అదే వోల్టేజీ, అదే ధ్రువాల అమరిక ఉన్నదే కొనండి. పిన్ను సరిపోయిందని మరో అడాప్టరు గుచ్చడం వల్లే ఈ పెట్టెలు ఎక్కువగా కాలిపోతాయి.

ఇయర్‌ఫోన్స్ సంగతి త్వరగా చెప్పేస్తాం. బేస్ పెంచిన నెక్‌బ్యాండులు ఈ పనికి వద్దు, మృదంగం ఎడమవైపు గుమ్మును ఉబ్బించి తంబురాని మింగేస్తాయి. వైరున్న సాదా ఇయర్‌ఫోన్ వెయ్యి, పదిహేను వందల్లో వచ్చేది చాలు. పాటల ఫైళ్లు 128 కేబీపీఎస్ ఎంపీ3 అయినా రాగం, శ్రుతి నేర్చుకోవడానికి అడ్డు రాదు. అందులో పోయేది ముఖ్యంగా 16 కిలోహెర్ట్‌జ్‌ల పైది. ఆకాశవాణి పాత రికార్డింగులు అంతకంటే ఇరుకుగా ఉన్నా వాటిలోని సంగీతం ముందు ఆ లోటు లెక్కలోకి రాదు.

ఎవరికి వద్దు? సినిమా పాటల్లో వాద్యాల కూర్పు, మిక్సింగు విడదీసి వినాలనే కోరిక ఉన్నవాళ్లకి ఇది సరైన పనిముట్టు కాదు. ఆ పాటల్లో షడ్జం మధ్యలో మారొచ్చు, కార్డ్స్ (ఒకేసారి కలిపి పలికే స్వరాలు) నడుస్తుంటాయి, తంబురా పెడితే అడ్డు తగులుతుంది. వాళ్లు కీబోర్డు, మంచి హెడ్‌ఫోన్స్ చూసుకోవాలి. పెళ్లిళ్లలో సన్నాయి మేళం వినేవాళ్లకి మాత్రం ఇంట్లో చేసిన సాధన అక్కడే అక్కరకొస్తుంది. డోలు మోతలో కూడా సన్నాయి వెనక శ్రుతి పెట్టె పలుకుతూనే ఉంటుంది. ముందు దాన్ని పట్టుకుని ఆ తర్వాత సన్నాయి వినండి.

పాత పెట్టె సగం ధరకి దొరికితే తీసుకోవచ్చు, మూడు చూసుకుని. బ్యాటరీ అర తెరిచి పచ్చని తుప్పు ఉందేమో చూడండి. శబ్దం బాగా పెంచి స్పీకరు కాగితం జర్రుమంటుందేమో వినండి, చెమ్మ పట్టిన కాగితం మంద్రం దగ్గరే బయటపడుతుంది. చివరిగా అదే అరగంట అలల పరీక్ష, కొత్త పెట్టెకి చేసినట్టే. అమ్మేవాళ్లు తొందరపెడితే ఆ బేరం వదిలేయండి.